మళ్ళీ పదకొండే

మా నాన్న మిర్చి యార్డులో కాటా మనిషి.
అక్కడ పాత కాటా ఒకటుండేది.
ఏ టిక్కీ ఎక్కించినా
మూడు వందల గ్రాములు తక్కువ చూపించేది.
పొద్దున పెట్టినా అంతే, ఎండెక్కాక పెట్టినా అంతే.
"దీనంత నమ్మకస్తురాలు యార్డు మొత్తంలో లేదమ్మా,
ఎప్పుడడిగినా ఒకటే అబద్ధం ఆడుద్ది" అనేవాడు.
నవ్వబోయి తుమ్మేవాడు.
మా ఇంట్లో ఎవరికైనా నవ్వు కంటే తుమ్మే ముందొచ్చేది.

ముప్పై ఏళ్ళ తర్వాత బి.ఎడ్. కాలేజీలో
విశ్వసనీయత, సప్రమాణత అని
నల్లబల్ల మీద రాస్తుంటే
ఆ కాటా గొలుసు చేతికి చల్లగా తగులుతుంది.
మొదటిది, అడిగినప్పుడల్లా ఒకటే చెప్పడం.
రెండోది, అడిగినదానికే చెప్పడం.
పిల్లలు రాసుకుంటారు. అయిదు మార్కుల ప్రశ్న.

నా పరిశోధనకి పరీక్ష నేనే తయారుచేశాను.
ఏడో తరగతి, లెక్కల సామర్థ్యం, నలభై ప్రశ్నలు.
ఆనందపేట బడిలో పదిహేను రోజుల తేడాతో
రెండుసార్లు పెట్టాను.
కాలేషాకి మొదటిసారి పదకొండు.
రెండోసారి, కరెంటు పోయిన గదిలో, మళ్ళీ పదకొండే.
అందరివీ దాదాపు అంతే. తప్పులు కూడా
కొట్టు మార్చని వ్యాపారుల్లా ఎక్కడివక్కడే కూర్చున్నాయి.
సహసంబంధం సున్నా పాయింటు తొంభై ఒకటి.
గైడుగారు ఫోనులోనే మెచ్చుకున్నారు.
ఆ సాయంత్రం అరండల్‌పేటలో పునుగులు కొనుక్కుని
ఒక్కదాన్నే నిలబడి తిన్నాను.

ఆదివారం ఏటుకూరు రోడ్డు గోడౌన్‌కి
ఎందుకు వెళ్ళానో గుర్తులేదు.
ముచ్చికలు తీసే ఆడవాళ్ళ మధ్య, ముక్కుకి గుడ్డ కట్టుకుని, కాలేషా.
"మీరాబీ పిన్నికి పదిహేడున్నర కిలోలు,
కిలో ఎనిమిది, నూట నలభై,
నిన్నటి బాకీ ఇరవై పోతే నూట ఇరవై."
మేస్త్రీ సెల్‌ఫోన్లో నొక్కి చూసుకుని డబ్బు లెక్కపెట్టాడు.
పక్కావిడ అప్పటికే చెయ్యి చాపి ఉంది,
వాడు అప్పటికే ఆమె లెక్కలో ఉన్నాడు.

ఇంటికొచ్చి పద్నాలుగో ప్రశ్న తీశాను.
"ఒకానొక ఉద్యానవనమున దీర్ఘచతురస్రాకారపు పచ్చికబయలు చుట్టును
కంచె నిర్మింపదలచిన యజమాని..."
నేనే రాశాను. రాసిన రోజు గర్వపడ్డాను కూడా.
లెక్క ఇంటి లోపలెక్కడో ఉంది.
ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లాడు
"ఉద్యానవనమున" గుమ్మం దగ్గరే
చెప్పులు విప్పి నిలబడిపోయాడు.
రెండుసార్లూ అక్కడే నిలబడ్డాడు.

తడి టిక్కీ బరువు తూగుతుంది.
కాటా నీళ్ళనీ తూచి
మిరపకాయ అని చెబుతుంది.
నా పరీక్ష ఏం తూచిందో,
దానికి నేను ఏం పేరు పెట్టానో.

మర్నాడు బడిలో అడిగాను,
కాయ ఎండిందో లేదో ఎట్లా తెలుసుకుంటావురా అని.
జేబులోంచి ఒక తేజ కాయ తీశాడు,
ఎందుకుందో జేబులో, ఆ దేవుడికే తెలియాలి.
నా చెవి దగ్గర పెట్టి ఊపాడు.
"ఎండితే మాట్టాడుద్ది మేడం."
లోపల గింజలు, ఎక్కడో దూరంగా వాన పడుతున్నట్టు.
"పచ్చిదైతే?"
"ఎంత ఊపినా ఊరుకుంటది."

పద్నాలుగో ప్రశ్న నోటితో అడిగాను, మా ఇంటి తెలుగులో:
ఇంత పొడుగు, ఇంత వెడల్పు దొడ్డి,
చుట్టూ ముళ్ళకంచె వెయ్యాలి, ఎంత కావాలి?
నేను ముగించకముందే చెప్పి
"గేటుకి వదలాలా మేడం?" అన్నాడు.
గేటు సంగతి నేనెప్పుడూ అనుకోలేదు.

పట్టికలో తొంభై ఒకటి ఇంకా ఉంది.
దాంట్లో తప్పు లేదు, మూడుసార్లు కట్టి చూశాను.

షావుకారు అటు తిరిగినప్పుడు
నాన్న రైతు చెవిలో ఆ మూడు వందలూ కలిపి చెప్పేవాడు.
ఎంత తక్కువో ఆయనకి తెలుసు.
కాలేషాకి ఎంత కలపాలో
నాకు తెలియదు.